గట్టి మాట

హలో… ఆ, నేనే. చిన్నదాన్నే అక్కా… ఆఫీసులోనే ఉన్నా. రికార్డు గదిలో, బీరువాల వెనక. అందుకే మెల్లగా మాట్లాడుతున్నా… జలుబేం లేదులే.

బావ ఇంట్లోనే ఉన్నాడా?… డ్యూటీ దిగాడా. మరి బస్సు?… ఇంటి ముందే ఉందా. మంచిది… ఏం లేదు, ఊరికే అడిగా.

…ఊరికే కాదు. అక్కా, పొయ్యి మీద ఏమన్నా ఉంటే ఆర్పేసి రా… ఆర్పావా. కూర్చో… సరే, నిలబడే విను.

ఇప్పుడు రెండున్నర. సాయంత్రం ఆరింటికి నది మీద వంతెన పేల్చేస్తున్నారు… వాళ్లు కాదు, మనవాళ్లే. మన సైన్యమే. పొరుగు దేశంవాళ్ల ట్యాంకులు నది దాటి ఇటు రాకుండా… అవును. అంటే మీ ఊరు వదిలేసినట్టే.

ఈలోపు మీరు దాటెయ్యాలి. నువ్వు, బావ, పాప, మీ అత్తగారు. ఆవిడ మందులు పెట్టుకో, రెండు దుప్పట్లు పెట్టుకో, చాలు… పరుపు లేందే కదలనంటుందని నాకు తెలీదా. పరుపుతో సహా ఎక్కించండి.

…కాదక్కా. వాళ్లు రారు.

కూటమివాళ్లే, మనకి ఒప్పందం రాసిచ్చిన దేశాలవాళ్లే. రారు… ఎవరో అన్నది కాదు. పొద్దున జవాబు వచ్చింది. తర్జుమా చేసింది నేనే. ఆ కాగితం ఇంకా నా టేబుల్ మీదే ఉంది.

…మీటింగ్ పెట్టుకోలేదని ఎవరన్నారు? ట్యాంకులొచ్చాయని మనవాళ్లు కబురు పంపగానే పన్నెండు దేశాలవాళ్లూ ఒక బల్ల చుట్టూ చేరారు. నాలుగు గంటలు కూర్చున్నారు. రేపు మళ్లీ కూర్చుంటారట… ఆ, కూర్చోడానికే. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు.

…తెలుసు. "మీ మీదికి ఎవరొచ్చినా మీ పక్కన నిలబడతాం." ఒప్పందంలో ఎనిమిదో పేరా. నాకు అప్పజెప్పకు అక్కా, నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అది కాదు. విను. ఆ మాట వాళ్లది కాదు.

నాది.

…

వాళ్ల భాషలో అక్కడున్న మాటకి అర్థం "మీతో కూర్చుంటాం" అని. కూర్చుని మాట్లాడుకుందాం, ఆలోచిద్దాం అని. అంతే. అంతకుమించి ఒక్క అక్షరం లేదు. నేనూ మొదట అలాగే రాశా. మా పెద్దసారు చదివి నవ్వాడు. రేడియోలో ఇది చదివితే, కూర్చోడానికి వీళ్లేమన్నా చుట్టపుచూపుగా వస్తున్నారా అనుకోరామ్మా, కొంచెం గట్టి మాట చూడు, అన్నాడు.

చూశా.

…ఆయనే అడిగాడు, నిజమే. కానీ ఆయన మీదికి తోసేసి నేను తప్పుకోలేను. ఇంతకన్నా గట్టి మాట అక్కడ లేదు సార్ అనొచ్చు. అనలేదు. నాకే నచ్చింది. నిలబడతాం… పైకి చదువుకుంటే ఎంత బాగుందో. కూర్చున్నవాళ్లని నేను నిలబెట్టేశాను అక్కా.

…లేదు. పొరపాటున కాదు. తెలిసే.

…ఆ. పోయిన నెల బావ ఫోన్ చేసినప్పుడు కూడా తెలుసు. వీధిలో అందరూ మూటలు కడుతున్నారు, మేమూ బయల్దేరదామా మరదలా, అని అడిగాడు. ఎక్కడికి పోతారు బావా, వాళ్లు నిలబడతామని రాసిచ్చాక, అన్నాను… అన్నాను. నవ్వుతూ అన్నాను. వెళ్లిపోండి అని చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి కదా. నోరు రాలేదు. నా పరువు కాపాడుకోడానికి మిమ్మల్ని అక్కడ ఉంచేశా.

…తిట్టు అక్కా, తిట్టు… ఏడుస్తున్నావా?… మరేంటా చప్పుడు?… బీరువా సర్దుతున్నావా. సరే. సర్దు.

ఇదిగో, ఎవరితో అనకు. మీ నలుగురే ఎక్కండి. ఎవరన్నా అడిగితే బస్సు రిపేరుకి అని చెప్పండి… ఎందుకేంటక్కా, తెలిస్తే ఊరంతా ఒక్కసారి రోడ్డు మీద పడుతుంది. వంతెన దగ్గర చీమ కూడా దూరదు… అదీ ఉంది. ఇది నేను చెప్పానని తెలిస్తే నాకు జైలే.

…

అలా అనకు.

…అవును. నలభై సీట్లు. మీరు నలుగురు… తెలుసక్కా. దర్జీ మావయ్య కట్టిన మూట విప్పేసింది బావ మాట విని. బావ చెప్పింది నా మాట విని… ఆ ఎనిమిదో పేరా పడ్డ పేపరు ముక్క ఇంకా బస్సు అద్దానికి అతికించే ఉందా? ఎక్కినవాళ్లందరికీ చూపిస్తాడటగా, మా మరదలు రాసిందని. ఆ సంగతి విన్న ప్రతిసారీ భూమిలోకి కుంగిపోయేదాన్ని.

…ఎవరొచ్చారు?… ఎంతమంది?

స్పీకర్లోనా? వద్దక్కా. నువ్వే చెప్పు… నువ్వు చెప్తే ఎందుకు నమ్మరు?

…ఆ. నిజమే. నా మాట మీద ఆగారు. నా నోటితోనే చెప్పాలి… పెట్టు.

…పెట్టావా.

అందరికీ… నేను బస్సు డ్రైవరుగారి మరదల్ని. ఆ ఒప్పందం తర్జుమా చేసినదాన్ని. నిలబడతాం అని వాళ్లు రాయలేదు. నేను రాశాను. ఎవరూ రావట్లేదు. ఆరింటికి వంతెన ఉండదు. బస్సెక్కండి.

…దర్జీ మావయ్యేనా?… చెప్పండి… లేదండీ, రేడియోలో వేరేగా వస్తుంది. "సాయం కదిలింది" అని వస్తుంది. నమ్మకండి. జనం రోడ్డెక్కితే సైన్యానికి అడ్డమని అలా చెప్పిస్తున్నారు. అది రాసే పని కూడా నాకే ఇచ్చారు. మళ్లీ గట్టి మాట చూడమన్నారు… లేదు. రాయలేదు. రాయకుండా వచ్చి మీకు ఫోన్ చేస్తున్నా.

…కుట్టు మిషనా. మావయ్యా, అది పెట్టే చోటులో ఇద్దరు పడతారు… తెలుసు. ముప్పై ఏళ్లు. నన్ను ఎంత తిట్టుకుంటారో తిట్టుకోండి, దాన్ని మాత్రం వదిలెయ్యండి.

అక్కా, బావ విన్నాడా?… ఏమన్నాడు?… ఏమీ అనలేదా. ఎక్కడికెళ్లాడు?

…ఆ. వినపడుతోంది. ఇంజన్ చప్పుడు.

ఒక్క మాటైనా అనాల్సింది నన్ను.

…స్పీకర్ తీసేశావా. పక్క వీధివాళ్లకా? చెప్పండి, అందరికీ చెప్పండి. ఎవరు చెప్పారంటే నా పేరు చెప్పు. పూర్తి పేరు, ఆఫీసు, అన్నీ చెప్పు. అప్పుడైనా నమ్ముతారు… నా సంగతి తర్వాత అక్కా. చేతులు కాలింది మీకు. ఆకులు పట్టుకోవడానికి నాకేం సిగ్గు.

…ఏంటి?

…అడుగు. అడగాల్సిందే నువ్వు… కాదు. ఇది గట్టి మాట కాదక్కా. ఉన్నమాట. ఒట్టు… సైన్యం పంపిన కాగితంలో ఆరు అనే ఉంది. కానీ కాగితాల సంగతి నాకన్నా ఎవరికి తెలుసు. అయిదింటికల్లా దాటెయ్యండి.

ఇంక వెళ్లు. దాటాక నాతో మాట్లాడకపోయినా పర్లేదు. పాప చేత ఒక్క మిస్డ్ కాల్ ఇప్పించు, చాలు.

…ఏమన్నావ్?

"ఉంటా" అనకు అక్కా. ఫోన్ పెట్టేటప్పుడు ఎప్పుడూ అనే మాటే, నాకూ తెలుసు. ఇవాళ మాత్రం అనకు. వెళ్తున్నా అని చెప్పి పెట్టెయ్.

…

ఆ. వెళ్లు.