గంప కింద యెంత్రం

"అమ్మమ్మా, గౌరక్క కొన్న ఊడ్చే మిషన్ మీద సేపల గంప బోర్లించీసేవట, నిజవేనా?"

ఓలమ్మో, నీదాకా ఒచ్చీసిందేటి ఈ కబురు! గౌరే సెప్పుంటాది. మనవడి పెళ్ళావని ముద్దుగా సూసుకుంతన్నాను గానీ, ఆ గుంటకి నోట్లో నువ్వుగింజ నానదు. కూకో, ఇలగ దగ్గిరికి రా. ఆ ఫోనెందుకు, రికాడు సేత్తన్నావేటి? సేసుకో.

మరేటంతే, గౌరి ద్వారకా నగర్లో బట్టల కొట్లో సేత్తాది గదా. పొద్దున్నెల్తే దీపాలేలకి గానీ రాదు. నాకేమో మోకాళ్ళు వంగవు. ఇల్లెవులు ఊడుస్తారు? ఒకనాడు అట్టపెట్టె ఒకటి తెచ్చింది. ఇప్పితే ఏటుంది? గుండ్రంగా, నల్లగా, అట్లపెనవంత. నాను నిజంగా పెనవే అనుకున్నాను. కింద పెట్టి ఫోను నొక్కితే, అమ్మ బాబోయ్, దానంతటది కదిలొచ్చీసింది! మంచం కింద దూరింది, ఇటు తేలింది, గోడ తగిల్తే పక్కకి తిరిగింది. మాటలు కూడానూ, ఇంగిలీసులో! నాను మంచమెక్కీసి కాళ్ళు పైకెట్టీసుకున్నాను. మా రోజుల్లో సీపురంటే పావలా. కాదు కాదు, పావలా కొండసీపురు. ఈనెల సీపురు మనవే కట్టుకునీవోళ్ళం. అది నోరెత్తేదేటి ఏనాడైనా?

సరే, ఇల్లు సుబ్బరంగానే ఊడిసేది, అబద్ధమాడకూడదు. గొడవొచ్చింది మీ బావ అప్పలరాజు సంద్రానికెల్లిన రోజు. నీకు తెలీదేటి, మన జాలరిపేటలో మొగోడు ఏటకెల్తే బోటు రేవు దాటీదాకా సీపురు ముట్టకూడదు. శవాన్ని లేపినాక ఎంటనే ఊడుస్తారు. బతికున్నోడి ఎనకాల ఊడిసీడవేటి? ఆ పొద్దున్న గౌరి ఆణ్ణి స్కూటీ మీద హార్బర్లో దింపీసి అటే కొట్టుకెల్తానన్నాది. ఇద్దరూ మెట్లు దిగుతన్నారో లేదో, మూలనున్నది టింగుమని లేచింది. ఏడింటికి దానంతటదే లేచీలాగ ఫోన్లో పెట్టుకుందట గౌరి! సరాసరి గుమ్మం కాడికే ఎల్లింది. ఆడి తడికాళ్ళ గుర్తులింకా ఆరలేదే! "ఆగవే, నీ కాళ్ళిరగ" అని అరిసినాను. దానికి కాళ్ళేవీ? ఆపడం నాకు తెలీదు. బేగి ఎల్లి నా పాత సేపల గంప తెచ్చి బోర్లించీసినాను. గంపనీ తోసుకుపోతంది! మీద రోలు పొత్రం పెట్టినాను. అప్పటికే గుమ్మం ఊడిసీసింది.

కాసేపటికి గౌరి ఫోను. "మామ్మా, మిషనెక్కడో ఇరుక్కుందట, సూస్తారా" అంటంది. గంప కింద ఉన్నది హార్బర్లో ఉన్న పిల్లకి కబురెలాగ పంపిందే?

పది రోజులకి రావల్సిన బోటు పన్నెండైనా రాలేదు. ఫోనందదు. రోజూ హార్బర్‌కెల్లి అడగడం, ఒట్టి సేతుల్తో రావడం. పదమూడో రోజున గౌరి అన్నం కలిపి నా ముందెట్టింది. నానేటన్నానో తెల్సా? "నీ యెంత్రవే నా మనవణ్ణి ఊడిసీసింది" అనీసినాను. ఆ పిల్ల మొకం తెల్లబోయింది. గోడకి జారబడి కూకుండిపోయింది. పాడు నోరు నాది.

ఎందుకన్నానో సెప్తాను ఇను. ఎవులికీ సెప్పలేదు, మీ అమ్మకీ సెప్పలేదు.

మీ తాత ఆకరుసారి ఏటకెల్లిన రోజున ఊడిసింది నానే. మీ అమ్మ అప్పుడు నా కడుపులో. రోజూ ఆగీదాన్ని, దేవుడి తోడు. ఆవేళ మా అమ్మా నాన్నా వస్తారని కబురు. వాకిట్లో నెత్తళ్ళ సేపలు ఆరబెట్టినాం, ఒకటే ఈగలు, కంపు. మీ తాత ఇంకా సందు మలుపైనా తిరగలేదు. మా అత్త సూడకుండా గబగబా ఊడిసీసినాను. ఆ సాయంత్రవే గాలివాన. తెప్ప ముక్క దొరికింది గానీ మనిషి దొరకలేదు. మీ అమ్మ తండ్రి మొకం ఎరగదు. నాను ఊడిసీసినానని, నాను ఊడిసీసినానని... ఇన్నేళ్ళూ అదే నా గుండెల మీద బండ.

పద్నాలుగో రోజున గుమ్మంలో "మామ్మా, ఆకలేస్తంది" అన్నారెవులో. అప్పలరాజే! గెడ్డం, కంపు. ఇంజిను పాడైతే ఇంకో బోటోళ్ళు తాడు కట్టి లాక్కొచ్చినారట. గౌరి ఆణ్ణి పట్టుకుని ఏడుస్తంది, నవ్వుతంది. నాను ఆణ్ణి సూళ్ళేదే. మూలనున్న ఆ నల్ల యెంత్రాన్నే సూస్తన్నాను.

అది ఊడిసీసింది గదా! ఆడొచ్చీసినాడు గదా!

మరైతే... మీ తాతని నాను ఊడవలేదా?

గాలివానేనేటి? ఒట్టి గాలివానేనా? ఇన్నేళ్ళు... ఏడవట్లేదులే, కళ్ళజోడు మాసింది. గౌరి సెయ్యి పట్టుకుని తప్పయిందమ్మా అన్నాను. దానికి అసలు సంగతి సెప్పలేదు. ముందు నీకే సెప్తన్నాను. మీ అమ్మకి నానే సెప్తాను, ఆదివారం రమ్మను. నువ్వు సెప్పకు.

లేస్తన్నావా? బస్సుకి టైమైందేటి? ఎల్లు, పెందరాలే ఎల్లు తల్లీ. నువ్వు సల్లగా ఉండాల, నీ కడుపు సల్లగా ఉండాల. ఏదైనా కాని పని అయితే నీ నెత్తినే ఏసుకోకు, ఇన్నావా? ఆ గౌరి ఇప్పుడు యెంత్రాన్ని మద్దినేళకి మార్చీసిందట. ఆ గుంటా భయపడిపోనాది, పాపం, నా మూలంగానే.

ఆ సీపురా? దాని మీద పడిందేటి నీ కన్ను? నువ్వు బస్సెక్కీదాకా ముట్టుకోనులే. భయవేం కాదు. అలవాటు... అంతే, అలవాటు. ఎక్కినాక ఫోను సెయ్యి, ఏం...