గుడ్డ మీద వేసిన నింద

“తాతా, స్లోలో పెట్టగానే మా పడవ ఇంజను ఆగిపోతోంది. రేవులో చెప్తే ‘మీ మామ్మ వడగట్టిందా’ అని నవ్వుతున్నారు. ఏంటా మాట?”

అడిగావా దుర్గా. ఎవరో ఒకరు అడుగుతారని ఇన్నాళ్లూ భయపడుతూనే ఉన్నాను. నువ్వు అడుగుతావనుకోలేదు. ఆ ఫోనులో నా మాటల రికార్డింగు ఆన్‌లోనే ఉందా? ఉండనీ. మీ మామ్మ ఏదీ, చేపలు ఎండబెడుతోందా? సరే, అది వచ్చేలోపు చెప్తాను.

ముందు ఇంజను సంగతి. ప్లగ్గు తీసి చూడమను మీ ఆయన్ని. నల్లగా తడిసుంటే తుడిచి, గరుకు కాయితంతో రుద్దమను. గొట్టం ఎక్కడన్నా గాలి పీలుస్తోందేమో చూడమను. స్లో పెంచే స్క్రూ జోలికి మాత్రం పోవద్దను. నేనదే చేశాను. ఆగిపోతోందని కాస్త తిప్పాను, ఇంకాస్త తిప్పాను, చివరికి గేరు వెయ్యగానే పడవ ఎగిరి దూకేది. మా తమ్ముడు అప్పన్న వెనక్కి పడి, “అన్నయ్యా, చేపలకెళ్తున్నామా, పందేనికెళ్తున్నామా” అనేవాడు.

ఆ ఇంజను ఇదేనమ్మా, ఇప్పుడు మీ ఆయన దగ్గరున్నదే. కొన్నప్పుడు మీ నాన్న పాకుతున్నాడు. రేవు మొత్తానికి మాది రెండో ఇంజను. కాదు కాదు, మూడోది. దాంతోపాటు తెలుగులో అచ్చేసిన కాయితం ఒకటి ఇచ్చారు. అప్పటికి నేను రాత్రిబడికి వెళ్లి అక్షరాలు నేర్చుకుని ఆరునెలలైంది. ఇక చూస్కో, అరుగు మీద కూర్చుని వీధంతా వినపడేలా చదివాను. మీ మామ్మ గంప కడుగుతూ వింది. దానికి చదువు రాదు కదా, విన్నది విన్నట్టు మనసులో పెట్టేసుకుంటుంది.

పెట్రోలుతో స్టార్టు చెయ్యాలి, వేడెక్కాక కిరసనాయిలుకి తిప్పాలి. ఒడ్డు దగ్గరపడ్డాక మళ్లీ పెట్రోలుకి తిప్పి, లోపలున్న కిరసనాయిలంతా కాలిపోయాక ఆపాలి. కాయితంలో ఉన్నది ఇదే. కానీ పెట్రోలు ఖరీదు, కిరసనాయిలు కంట్రోలు షాపులో చవక. ఒడ్డుకొచ్చేశాక ఇంకా పెట్రోలు తగలెయ్యడం ఎందుకని, నేను కిరసనాయిలు మీదే వచ్చి టక్కున ఆపేసేవాణ్ణి. మీ మామ్మ రెండుసార్లు అంది, “నువ్వే చదివావుగా మావా, ఆపేముందు పెట్రోలుకి తిప్పాలని.” నేనేమన్నానో తెలుసా? “చదివింది నేనా, నువ్వా?” అన్నాను. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కిరసనాయిలు వడగట్టడం అప్పుడూ ఇప్పుడూ దాని పనే. పాత నీలం చీర చింపి, డబ్బా మూతికి కట్టి, చుక్కచుక్కా పోసేది. అంత ఓపిక నాకు లేదు.

ఒకరోజు పొద్దున్నే వేట నుంచి తిరిగొస్తున్నాం. గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఎలా ఉంటుందో నీకు తెలుసుగా. స్లో చేసి, కెరటాన్ని ముందుకి పోనిచ్చి, దాని వెనకాల దూరిపోవాలి. స్లో చేశాను. ఆగిపోయింది. తాడు లాగాను, లాగాను, అలికిడి లేదు. పడవ అడ్డం తిరిగింది. వెనకాల కెరటం వచ్చి కొట్టింది. వలా పోయింది, చేపలూ పోయాయి. అప్పన్న చెయ్యి పడవ అంచుకి కొట్టుకుని విరిగింది. వేరే పడవవాళ్లు మోకు కట్టి లాక్కొచ్చారు.

రేవంతా జనం, మీ మామ్మా పరిగెత్తుకొచ్చింది. నేను ట్యాంకు మూత తీశాను. మూతికి ఒక నీలం పోగు అంటుకుని ఉంది. ఒక్కటే పోగు. అది పైకెత్తి అందరికీ చూపించాను. “చూడండి, దీని గుడ్డ. దీనివల్లే నా తమ్ముడి చెయ్యి విరిగింది” అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి నీకొద్దు. అది ఏడవలేదమ్మా. వడగట్టే గుడ్డ దాని చేతిలోనే ఉంది. దాన్ని విప్పి ఎండకి పట్టుకుని, చిల్లు ఎక్కడుందా అని వెతుక్కుంది.

మర్నాడు ఇంజను యానాం తీసుకెళ్లాను. యానాంలో మందు చవక కదా, “దాహం ఇంజనుకా, నీకా” అని దారంతా ఎదురైనవాళ్ల వేళాకోళం. మెకానిక్కు కార్బరేటరు విప్పి, ఆయిలు పారే చిన్న ఇత్తడి జెట్టు తీసి వెలుతురుకి పెట్టాడు. వెంట్రుకంత బెజ్జం, మూసుకుపోయింది. “బాబాయ్, ఇందులో పోగూ లేదు, నలకా లేదు. కిరసనాయిలు ఎండిన జిడ్డు ఇది. ఆపేముందు పెట్రోలుకి తిప్పట్లేదు కదూ?” అన్నాడు. జెట్టు కడిగించి, ఇంజను తీసుకుని బయల్దేరాను.

తిరిగొచ్చాక రేవులో అడిగారు, ఏమైందంట అని. “నలక” అన్నాను. అంతే. ఆ ఒక్క మాటా.

అప్పట్నించి నేను ఏ రోజూ పెట్రోలుకి తిప్పకుండా ఆపలేదు. ఇంజను మళ్లీ ఆగలేదు. మీ మామ్మ గుడ్డ నాలుగు మడతలెయ్యడం మొదలెట్టింది కదా, అందుకే బాగుందని అందరూ అనుకున్నారు. అదీ అనుకుంది. అప్పన్న చెయ్యి అతుక్కునేదాకా రోజూ గంజి పట్టుకెళ్లి, “నావల్లేనయ్యా” అనేది. వాడు పోయేదాకా అదే నమ్మాడు. రేవులో ఎవరి ఇంజను ఆగినా “సత్యవతి వడగట్టిందా” అన్నారు, నేనూ వాళ్లతో పాటు నవ్వాను. ఆ నవ్వే, దుర్గా... మంచినీళ్లివ్వమ్మా కాస్త.

మీ ఆయనా పెట్రోలుకి తిప్పట్లేదు. నాలుగు రోజులుగా ఒడ్డు మీంచి వింటున్నాను, ఆ చప్పుడు నాకు తెలుసు. వెళ్లి చెప్దామని రెండుసార్లు కర్ర పట్టుకుని లేచాను. నీకెలా తెలుసని అడిగితే ఇదంతా చెప్పుకోవాలి కదా, మళ్లీ కూర్చున్నాను. ఆ మొగలో వాడికేమన్నా అయితే నేనేమైపోవాలి. జెట్టు కడిగించేదాకా పడవ దింపొద్దని చెప్పు. రేపు నన్నూ రేవుకి తీసుకెళ్లు. అందరూ ఉండగానే తీసుకెళ్లు.

అదిగో, వస్తోంది. ఫోను ఆపకు.

ఏమే, ఇలా రా. చెయ్యి తర్వాత కడుక్కోవచ్చులే, రా. ఏంటి? నిన్నట్నించి వడగట్టే గుడ్డకి ఎనిమిది మడతలేస్తున్నావా?

గుడ్డ అక్కడ పెట్టు సత్యవతీ. ఇలా వచ్చి కూర్చో.