మూడో వరుసలో గోడ పక్క కుర్చీ

1993 ఆగస్టు రెండో తేదీన మన విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా అడుగుపెట్టిన నాటి నుంచి, ఈ నెలాఖరున విద్యా కార్యక్రమాల అధికారిగా పదవీ విరమణ చేస్తున్న నేటి వరకు, మా సహోద్యోగి గారు ఖాళీ కుర్చీని చూసి ఊరుకున్న పాపాన పోలేదు. దీన్ని ప్రశంసగా తీసుకోవాలో ఫిర్యాదుగా తీసుకోవాలో చదివేవారే తేల్చుకోవాలి. ఆయన ఎదుటి బల్ల దగ్గర పదిహేడేళ్ళుగా కూర్చుని పరిశోధనా వార్తల పత్రిక తయారుచేస్తున్నదానిగా నేను మాత్రం ఫిర్యాదుగానే మొదలుపెడుతున్నాను. వీడ్కోలు సంచిక సంఘం వారు నాలుగు మంచి మాటలు రాయమన్నారు. అవి దారిలో తగిలితే తప్పక రాస్తాను.

పరీక్షల విభాగంలో ఆయన పని, విద్యార్థులను కూర్చోబెట్టడం. ఏ ఇద్దరు స్నేహితులూ పక్కపక్కన పడకుండా, ఏ ఒక్కడూ తలుపువైపు జారుకోకుండా, వేలమందిని గంటలో సర్దేసేవారని ఆనాటి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడ ఆయన సంపాదించిన ఆ నైపుణ్యం తరువాతి కాలంలో మా అందరి ప్రాణాల మీదికి వచ్చింది.

ఎందుకంటే ఆయనను అక్కడి నుంచి విద్యా కార్యక్రమాల విభాగానికి బదిలీ చేశారు. బుధవారం ఉపన్యాసం ఆయన చేతికి వచ్చింది. ప్రతి బుధవారం సాయంత్రం నాలుగింటికి, రెండో అంతస్తు సెమినార్ హాల్లో, మన పరిశోధకులలో ఒకరు తాము కనుక్కున్నదేమిటో అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. ఆశయం ఉన్నతమైనదే. అయితే అందరూ అన్నవారు ఎప్పుడూ రాలేదు. అంతకుముందు నిర్వహించినవారు దానికి అలవాటు పడిపోయారు. ఈయన పడలేదు. కుర్చీలు సగం తీయించి వెనక గదిలో పెట్టించారు. మిగిలినవాటిలో మనిషికీ మనిషికీ మధ్య ఒక ఖాళీ వదిలి, ఆ ఖాళీలో ఎవరిదో ఒక సంచి పెట్టించారు. వేదిక మీద నుంచి చూస్తే హాలు నిండుగా ఉండేది. కారిడార్లలో దొరికినవారిని దొరికినట్టు పట్టుకొచ్చి, మధ్యలో లేచి పోకుండా గోడ పక్క కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. ఆయనకు కుర్చీలాయన అన్న పేరు అప్పుడే స్థిరపడింది. ఆ గోడ పక్క కుర్చీల్లో మూడో వరుసది నాది.

"మేడమ్, ఒక్క పది నిమిషాలు."

"ఇవాళ ఏమిటండీ?"

"తుప్పు గురించి."

"నాకు తుప్పు గురించి ఏం తెలుసండీ?"

"తెలియదనే కదా రమ్మంటున్నాను. తెలిసినవాళ్ళు ఒక్కరూ రావట్లేదు."

ఆ పది నిమిషాలు ఏనాడూ గంటకు తగ్గలేదు. పైగా ఉపన్యాసం ఫొటో నా పత్రికలోనే పడాలి కనుక, శ్రద్ధగా వింటున్న నా ముఖాన్ని ప్రతి నెలా నేనే అచ్చు వేసుకోవలసి వచ్చేది. మావారు పత్రిక తిరగేసి, "పోయిన నెల చేపల జబ్బులు, ఈ నెల భూకంపాలు. ఇంతకీ నువ్వు ఏ డిపార్ట్‌మెంటే?" అని అడిగేవారు. జవాబు నాకూ తెలిసేది కాదు.

ఒక ఏడాది ప్రవేశాల సమయంలో పిల్లలను చేర్పించడానికి వచ్చి కింద వరండాలో కూర్చున్న తల్లిదండ్రులను ముప్ఫైమందిని "పైన ఫ్యాను కింద కూర్చోండి" అని తీసుకెళ్ళి వానపాముల జీర్ణక్రియ మీద ఉపన్యాసంలో కూర్చోబెట్టారు. అది ప్రవేశంలో భాగమేనని వారనుకున్నారు. కొందరు రాసుకున్నారు కూడా. చివర్లో ఒక తండ్రి లేచి, "అయ్యా, దీనికి మార్కులుంటాయా?" అని వినయంగా అడిగారు. కింద తమ వంతు దాటిపోయిందని తెలిశాక ఆ వినయం నిలవలేదు. ఆ సాయంత్రం అందరినీ శాంతింపజేసే పని ఎవరి మీద పడిందో నేను చెప్పనక్కర్లేదు. కుర్చీలాయన మాత్రం, "చూశారా మేడమ్, ప్రశ్న కూడా అడిగారు," అని పొంగిపోయారు.

ఆ తరువాత ఆయనకు అధికారిగా పదోన్నతి లభించింది. హోదా పెరిగితే చాదస్తం తగ్గుతుందని ఆశపడ్డాం. అది అధికారికమయింది.

ఇక ఆ వాన రోజు సంగతి. పొద్దుటి నుంచి కుండపోత. మధ్యాహ్నానికే విద్యార్థులందరూ వెళ్ళిపోయారు. ఆనాటి వక్త నత్తల మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న పరిశోధక విద్యార్థిని. ఆమెకు దారి చూపవలసిన ఆచార్యులే రాలేనని కబురు పంపారు. ఆ అమ్మాయి మా గదికి వచ్చి, "క్యాన్సిల్ చేసేయండి సార్. నాకూ విసుగొచ్చేసింది. ఇవన్నీ వదిలేసి ఏదైనా బళ్ళో టీచరుగా చేరిపోతాను," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఈయన ఓదార్చలేదు. "మానేసేవాళ్ళు కూడా చెప్పి మానెయ్యొచ్చమ్మా. నాలుగింటికి హాల్లో ఉండు," అని గొడుగు తీసుకుని బయటపడ్డారు.

నాలుగింటికి హాల్లో ఎవరెవరున్నాం? లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు, గ్రంథాలయం ఆవిడ, వానకు తలదాచుకున్న ఇద్దరు బాటసారులు, ఫోన్ చేసి రప్పిస్తే తడిసి ముద్దయి వచ్చిన ఆయన శ్రీమతి, నేను, నాకు గొడుగు ఇచ్చిపోదామని వచ్చి దొరికిపోయిన మా అత్తగారు. మధ్య కుర్చీల్లో సంచులు.

ఆ అమ్మాయి తెరవైపు చూస్తూ, ఎవరికోసమూ కానట్టు, చదువుకుంటూ పోయింది. ఉన్నట్టుండి మా అత్తగారు చెయ్యెత్తారు. నేను చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. ఆవిడ రెండో చెయ్యెత్తారు.

"అమ్మాయ్, వాటికి మనం కనపడతామా?"

"వెలుతురూ చీకటీ తెలుస్తాయండీ. మనుషులను పోల్చుకోలేవు."

"అంటే పెంచుతున్నది నువ్వని వాటికి తెలీనే తెలీదా? ఇన్నేళ్ళు చాకిరీ చేశావే!"

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆవిడ వంక చూసి, నవ్వడం మొదలుపెట్టింది. ఆగలేదు. కళ్ళు తుడుచుకుని, తెర వదిలేసి ముందుకు వచ్చి, రాత్రిపూట నత్తల తొట్లు శుభ్రం చేయడం దగ్గర నుంచి అంతా మా అత్తగారికే చెప్పింది. మెకానిక్కు లిఫ్టు సంగతి మరిచిపోయాడు. బాటసారులు వాన వెలిసినా లేవలేదు. కుర్చీలాయన తలుపు దగ్గర నిలబడి, కూర్చోవడానికి తనకు కుర్చీ మిగలలేదన్నట్టు మమ్మల్నందరినీ చూసుకుంటున్నారు.

ఆ అమ్మాయి మానలేదు. ఇప్పుడు మన జంతుశాస్త్ర విభాగంలోనే పాఠాలు చెబుతోంది. అది తన చలవేనని మా అత్తగారి వాదన. ఆనాటి నుంచి ఆవిడ ఒక్క బుధవారం కూడా వదలలేదు. ఇద్దరం ఇల్లు చేరి పొయ్యి వెలిగించేసరికి పిల్లలు రొట్టె ముక్కలతో కడుపు నింపుకుని ఉంటారు. ఇది కూడా ఆయన ఖాతాలోనే వేస్తున్నాను.

పోయిన నెల సమావేశంలో రిజిస్ట్రారు గారు, "ఆయన వెళ్ళాక ఇవన్నీ ఎవరు చూస్తారమ్మా? రికార్డు చేసి పెట్టేద్దాం, కావలసినవాళ్ళు చూసుకుంటారు," అన్నారు. ఆ పోస్టులోకి కొత్తవారిని తీసుకోరట. ఆయన విరమణ తరువాతి బుధవారానికి ఇప్పటికే ఖాయమైన ఉపన్యాసం ఒకటి మిగిలి ఉంది. అది ఆయన లేకుండా జరగాలని, ఎంతమంది వస్తారో చూసి బుధవారాలను ఉంచాలో తీసెయ్యాలో తేల్చాలని నిర్ణయించారు. మా బుధవారాలు మాకు తిరిగి వస్తాయంటే కాదనేవాళ్ళెవరు? అందరూ తలలూపారు. కుర్చీలాయన కూడా ఊపారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

నా పత్రిక అచ్చుకు వెళ్ళే ముందు చూసుకుంటుంటే ఆ చివరి ఉపన్యాసానికి ఆయన పంపిన ప్రకటన కంటబడింది. వక్త రెండు నెలల క్రితం పరిశోధనలో చేరిన అమ్మాయి. అంశం, పాత గోడలకు పట్టే నాచు. కింద "నిర్వహణ: పరిశోధనా వార్తల సంపాదకురాలు" అని ఉంది. ఆ సంపాదకురాలిని నేనే.

"ఏమిటండీ ఇది?"

"అచ్చుతప్పేమైనా పడిందా మేడమ్?"

"నన్ను ఒక్క మాటైనా అడగొద్దా?"

"అడిగితే కాదనేవారు కదా."

"కొట్టేస్తాను."

"మీ పత్రిక, మీ ఇష్టం. నిర్వహించేవాళ్ళు లేకపోతే ఉపన్యాసం ఉండదు. ఆ అమ్మాయి వాళ్ళమ్మగారికి కూడా ఫోన్ చేసి చెప్పుకుంది. లేదని మీరే చెప్పండి."

ఇంత మర్యాదగా మనిషిని గోడకు చేర్చడం పరీక్షల విభాగంలోనే నేర్చుకుని ఉంటారు. నేను కొట్టెయ్యలేదు. అచ్చయిపోయింది.

అందుచేత వారం రోజులుగా కారిడార్లలో నిలబడుతున్నది నేను. లెక్కల ఆచార్యులవారు నన్ను దూరం నుంచి చూసి మెట్లవైపు తిరిగిపోతున్నారు. ఆయన ఏ మెట్లు దిగుతారో నాకు తెలుసు. ఇప్పటికి మా అత్తగారు ఖాయం. నత్తలమ్మాయి తన తరగతిని మొత్తం తీసుకొస్తానంది. మెకానిక్కు లిఫ్టు ఆగిపోతే వస్తానన్నాడు కనుక వచ్చినట్టే. ఇది చదువుతున్నవారికి కూడా ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో వేదిక మీద నుంచి చక్కగా కనిపిస్తుంది.

నిన్న ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, "నా వీడ్కోలు సభకు హాలు నిండుతుందంటారా? మీ అత్తగారు వస్తున్నారా?" అని మెల్లగా అడిగారు. ఇన్నేళ్ళలో ఆయన తన కోసం అడిగింది అదొక్కటే. "మీరు వేదిక మీద కూర్చోండి చాలు. వెనక గదిలోని కుర్చీలన్నీ వేయించాను," అన్నాను. ఆయన సంచులు కూడా సిద్ధంగా పెట్టమని చెప్పి వెళ్ళారు.

కుర్చీలాయన గారికి, వారి కోసం వానలో తడిసి వచ్చిన శ్రీమతి గారికి సంపూర్ణ ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు, మనశ్శాంతి కలగాలని సహోద్యోగులందరి పక్షాన మనసారా కోరుకుంటున్నాను. ముఖ్యంగా వారి మోకాళ్ళు దృఢంగా ఉండాలి. సెమినార్ హాలు రెండో అంతస్తులో ఉంది, మన లిఫ్టు గుణం అందరికీ తెలిసినదే. వచ్చే బుధవారం నాలుగింటికి మూడో వరుసలో గోడ పక్క కుర్చీ వారి కోసం ఖాళీగా ఉంటుంది. ఒక్క పది నిమిషాలే. పని ఉందని చెప్పడానికి వారికి ఇక ఏ పనీ లేదు.