సగం బిళ్ళ

ఈశాన్య థాయ్‌లాండ్‌లో ఒక పల్లె. కర్ర స్తంభాల మీద ఇల్లు, దాని కింద వెదురు మంచం. పొద్దుటి పూట. ప్రనోమ్ పోయి తొంభై తొమ్మిదో రోజు. మాట్లాడుకుంటున్నది ఆమె మొగుడు ఖమ్‌పోన్, ఆ ఊరి ఆరోగ్య వలంటీరు వాస్నా.

“ప్రనోమ్‌కి నువ్వు సగం బిళ్ళలే ఇచ్చావు. అందుకే పోయింది.”

“అరిటాకులు ఎక్కడ పెట్టను బాబాయ్?”

“వినబడలేదా?”

“వినబడింది. రేపు నూరో రోజు. తొమ్మిదిమంది భిక్షువులు వస్తారు. ముందు ఈ ఆకులు తుడవనివ్వండి.”

“ఆకులు ఎక్కడికీ పోవు. కూర్చో.”

“కూర్చున్నా.”

“వలంటీరు చొక్కా తొడుక్కుని నెలనెలా వచ్చేదానివి. పిన్నీ, పిన్నీ అంటూ ఈ మంచం మీదే కూర్చుని జిగురన్నం తినేదానివి. తిన్న చెయ్యి కడుక్కుని, అదే చేత్తో దాన్ని చంపేశావు.”

“ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరూ చెప్పలేదు. ఈ డబ్బా చెప్పింది. ఆరామానికి ఇద్దామని పొద్దున దాని బట్టల పెట్టె తెరిచా. అడుగున ఉంది. మూత తియ్యి.”

“బామ్ డబ్బా ఇది.”

“తియ్యమన్నానా!”

“తీశా.”

“ఏం కనబడుతోంది?”

“బిళ్ళలు.”

“సరిగ్గా చూసి చెప్పు.”

“బిళ్ళ ముక్కలు.”

“ముక్కలు. ఒక్కటన్నా నిండు బిళ్ళ ఉందా అందులో? రోజుకో బిళ్ళ అని డాక్టరు రాశాడు. నువ్వు రోజుకో ముక్క ఇచ్చావు. మిగతా ముక్కలు ఎవరికి మేపావు? మీ అమ్మకా?”

“మా అమ్మకి బీపీ లేదు బాబాయ్. ఉన్నదల్లా నోరే.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు.”

“పెద్దాసుపత్రిలో డాక్టరు అడిగాడు, ఈవిడ మందులు సరిగ్గా వేసుకునేదా అని. రోజూ వేసుకునేది, నా కళ్ళతో చూశా అని ప్రమాణం చేశా. ఆ కుర్రడాక్టరు నన్ను అబద్ధాలకోరుని చూసినట్టు చూశాడు. అది అటు మూతి వంకరపోయి పడుకుని ఉంది. నేను ఇటు అబద్ధాలకోరుని. ఎవరివల్ల?”

“పొట్లం నేను విప్పేదాన్నే కాదు. ఆరోగ్య కేంద్రంలో సీలు వేసి, పైన పిన్ని పేరు రాసి ఇచ్చేవారు. అలాగే తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేదాన్ని. ముప్ఫై రోజులకి ముప్ఫై. అన్నీ నిండువే.”

“మరి ఎవరు కోశారు?”

“రేపటికి అరటిపళ్ళు చాలతాయంటారా?”

“వాస్నా!”

“పిన్ని అడకత్తెర ఉందా?”

“అదెందుకు?”

“తెండి ఇలా.”

“ఇదిగో. ఇదీ ఇచ్చేద్దామని పక్కన పెట్టా.”

“దాని నోటి దగ్గర చూడండి. తెల్లగా.”

“సున్నం.”

“పిన్ని తాంబూలం మానేసి మూడేళ్ళు. పళ్ళ డాక్టరు తిట్టాక మానేసింది. ఇంక మా మెట్లు ఎర్రగా ఉండవు అని మీరే ఊరంతా చెప్పుకున్నారు.”

“అంటే... అదే కోసుకుందా?”

“ఆవిడే.”

“ఎందుకు? ఊరికే ఇచ్చేవే కదా. పొదుపు చేసుకోడానికి అవేమన్నా అగ్గిపుల్లలా?”

“అడగొద్దు బాబాయ్. నా దగ్గర మాట తీసుకుంది.”

“చచ్చినదానికి మాటేంటి?”

“రేపటిదాకా ఇక్కడే తిరుగుతూ ఉంటుందంటారు కదా.”

“తిరగనీ. విననీ. చెప్పు.”

“మీకు తలనొప్పి ఎప్పట్నుంచి?”

“నా తల జోలికి రాకు.”

“లేవగానే మెడ వెనక పట్టేస్తోందటగా. మీ చెల్లెలు చెప్పింది. పిన్ని పోయిన దగ్గర్నుంచేనట.”

“ఏడుపది. మొగాడు బయటికి ఏడవకపోతే తలలోకి పోతుంది.”

“ఏడుపు కాదు, బీపీ. కిందటేడు కొత్త సంవత్సరపు నీళ్ళ పండక్కి ఆరామంలో అందరికీ చూశాం. మీది నూట ఎనభై చూపించింది.”

“ఆ మిషను తాగి ఉంది.”

“మీరూ కొంచెం తాగే ఉన్నారు. అందుకే మర్నాడు మళ్ళీ రమ్మన్నాం. వచ్చారా? కుర్చీని తన్ని వెళ్ళిపోయారు.”

“ఎందుకొస్తా? ఒకసారి మొదలెడితే చచ్చేదాకా మింగాలి. మన ఊరి ఫువాంగ్ మింగీ మింగీ కిడ్నీలు పోగొట్టుకున్నాడు.”

“మింగి కాదు. రెండేళ్ళు మింగాడు, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేశాడు. మానేశాకే పోయాయి. ఆయన పెళ్ళాన్ని అడగండి.”

“ఫువాంగ్ సంగతి నాకెందుకు. ప్రనోమ్ సంగతి చెప్పు.”

“అదే చెప్తున్నా. ఆరోజు ఆరామం నుంచి ఇంటిదాకా ఆవిడ ఏడుస్తూ మీ వెనకే నడిచింది. మీరు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఇక ఆవిడకి చేతనైంది ఆవిడ చేసింది.”

“ఏం చేసింది?”

“తన బిళ్ళ రెండు ముక్కలు చేసింది. ఒకటి నూరి మీ పొద్దుటి కాఫీలో కలిపింది.”

“రెండోది?”

“ఆవిడ వేసుకుంది.”

“సగమా? దానికి సగమేనా?”

“సగమే. వారానికి సరిపడా ఒకేసారి కోసి ఈ డబ్బాలో దాచుకునేది.”

“నా ఎదుటే వేసుకునేది. గుప్పిట్లోంచి నోట్లో పడేసుకుని గటగటా నీళ్ళు తాగేది. చూడు ముసలాడా, బిళ్ళకి నేను భయపడుతున్నానా, అనేది. గుప్పిట్లో ఉన్నది ముక్కని నేనెట్లా అనుకుంటా? నలభై రెండేళ్ళు కాపరం చేసి, నా కళ్ళ ముందే మోసం చేసింది.”

“తిట్టకండి బాబాయ్.”

“నీకెప్పుడు తెలుసు?”

“వానలు మొదలైనప్పుడు.”

“అంటే పోయే ముందు మూడు నెలలు.”

“అవును. నెలనెలా ఆవిడ బీపీ పెరుగుతూనే ఉంది. ఏం తింటున్నావు పిన్నీ అంటే, ఊరేసిన చేప అని నవ్వేది. నేనూ నమ్మి ఉప్పు తగ్గించమని చెప్పి పోయేదాన్ని. ఒకరోజు చెప్పకుండా వచ్చా. అడకత్తెరతో దొరికిపోయింది.”

“దొరికింది. నువ్వు నోరు మూసుకున్నావు.”

“తిట్టా. కాళ్ళు పట్టుకున్నా. ఒకరి బిళ్ళ ఇద్దరు పంచుకుంటే ఇద్దరికీ చాలదు పిన్నీ అన్నా. ఆయనకి తెలిస్తే కప్పు విసిరేస్తాడు, అప్పుడా సగం కూడా ఆయన ఒంట్లోకి పోదు అంది.”

“కేంద్రంలో చెప్పి ఏడవొచ్చుగా.”

“చెప్పాల్సింది. చెప్పలేదు. మిమ్మల్ని ఒప్పిస్తే సరిపోతుందిలే అనుకున్నా. మూడుసార్లు మిషను పట్టుకుని మీ మెట్ల దాకా వచ్చా. మూడోసారి కుక్కని వదిలారు.”

“నేను వదల్లేదు. దానంతటది వచ్చింది.”

“మీరు వెనక్కి పిలవనూ లేదు.”

“నా ఇంట్లో, నా కప్పులో, ఇద్దరాడాళ్ళూ కలిసి నాటకం ఆడారు. ఒకతి చచ్చి తప్పించుకుంది. ఇంకొకతి ఆకులు తుడవడానికి వచ్చింది.”

“అనండి. నా తప్పు నేను కాదనను. కానీ మీరు మీ మీద వేసుకోకండి. మీకు తెలీకుండా పెట్టింది. తెలీనివాళ్ళది తప్పెలా అవుతుంది?”

“తెలుసు.”

“ఏంటి?”

“తెలుసన్నా.”

“ఏం తెలుసు బాబాయ్?”

“మొదటిరోజే తెలుసు. చక్కెర కలిపి అమ్మే ఆ పొట్లం కాఫీ పాకంలా ఉంటుంది. అది చేదెక్కితే నాలుక్కి తెలీదా? కప్పు అడుగున తెల్లటి పొడి. కక్కలేదు. తాగా. కొన్నాళ్ళకి మెడ తేలికైంది. ఇక రోజూ తాగా.”

“ఆవిడతో ఒక్క మాట అనలేదా?”

“అంటే నేను ఓడిపోయినట్టు కదా.”

“అయ్యో బాబాయ్.”

“నువ్వూ అదీ కుమ్మక్కై నాకూ ఒక పొట్లం తెస్తున్నారనుకున్నా. చాటుగా. దానికొకటి, నాకొకటి. పొద్దున ఈ డబ్బా తెరిచేదాకా అదే అనుకున్నా. అందుకే అన్నా, సగమే ఇచ్చావని.”

“మీ పేరు రాసి ఉండకపోతే ఎట్లా ఇస్తారు? రెండు మూడు రోజులు చెయ్యి చాపి చూపించుకుని ఉంటే, డాక్టరు చూసి మీ పేరున వేరే రాసేవాడు. మీది మీకు, ఆవిడది ఆవిడకి.”

“చెయ్యి చాపితే.”

“ఒక్క నిమిషం పని.”

“ఇప్పుడు కాఫీ తియ్యగా ఉంటోంది. తాగలేకపోతున్నా.”

“ఆ ముక్కలు ఇటివ్వండి. పారేస్తా. ఇంకొకరి బిళ్ళ ఇక మీ నోట్లోకి పోకూడదు.”

“తీసుకో. మిషను తెచ్చావా?”

“సంచిలోనే ఉంది. ఎక్కువుంటే ఆకులు తర్వాత, ముందు కేంద్రానికి పోదాం. నా బండి మీద.”

“సరే. చేతికి కట్టు.”

“ఇలా కోపంగా ఉన్నప్పుడు చూడకూడదు. ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోండి. స్తంభానికి వీపు ఆనించండి. కాళ్ళు నేల మీద పెట్టండి. మాట్లాడకూడదు.”

“మాట్లాడను. ఈ సంగతి ఇప్పుడే కాదు, ఇక నా కట్టె కాలేదాకా ఎవరితోనూ మాట్లాడను. కట్టు.”