వేలు లోపల, అద్దం బయట

ధర్మవరంలో మే నెల మధ్యాహ్నం. పట్టుచీరల గోవిందప్ప తన సరుకు గదిలో తానే ఇరుక్కుపోయి గంటన్నర అయింది. కొత్తగా వేలిముద్ర తాళం బిగించిన ఇనుప తలుపు అవతల, మగ్గాలకు ఎలక్ట్రానిక్ బోర్డులు చేసే మేనకోడలు హేమావతి.

“మళ్లా నొక్కు మామా, లోపలి బటను.”

“యాభైసార్లు నొక్కినా. వేలు అరిగిపోయింది గానీ అది కదల్లేదు.”

“పచ్చ లైటన్నా వెలుగుతాండాదా?”

“యెర్రది. నన్నే చూస్తాండాది. నువ్వు బయట ఏదో ఒకటి చెయ్యమ్మీ!”

“బయట అద్దం మీద నీ బొటనవేలు పెడితేనే తెరుచుకుంటాది. ఆ వేలేమో నీతోపాటు లోపలుండాది.”

“నవ్వుతాండావా?”

“లేదు మామా. భయంగా ఉండాది.”

“కంపెనీకి ఫోను చేసినావా?”

“పన్నెండుసార్లు. ఆ నంబరే లేదంటాండాది.”

“బిగించిపోయినోడు, టై కట్టుకోని వచ్చినాడే, వానికి?”

“పని మానేసినాడంట. వాళ్ల ఆఫీసు కూడా ఎత్తేసినారంట.”

“అయితే తాళం డబ్బీ పగలగొట్టు.”

“పగలగొడితే ఇంకా గట్టిగా బిగుసుకుంటాదని ఈడ రాసినారు. నిజమో అబద్ధమో యాడ తెలుస్తాది? బిగించినరోజు చూసినా కదా. చిప్పు మీద నల్లగా లక్క పోసినట్ల పోసినారు. దాని పేరు కూడా గీకేసినారు. పక్కన సిమ్ము ఒకటి. అది ఎవరితో మాట్లాడతాదో దేవునికే ఎరుక.”

“వెల్డింగు తిప్పేష్ వచ్చినాడా?”

“వచ్చినాడు. గ్యాస్ కట్టరు తెచ్చినాడు. నువ్వు ఊఁ అంటే...”

“వద్దు! వద్దమ్మీ! ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. అరవై పట్టుచీరలు. వాటి మధ్యలో నేను.”

“అందుకే ఆపినా. గోడ పగలగొట్టిద్దామా?”

“రెండడుగుల రాతిగోడ. రాత్రయితాది.”

“ఒక్క కిటికీ అన్నా యాల పెట్టించలేదు మామా?”

“పెడితే చూస్తారు.”

“ఏం చూస్తారు?”

“చీర డిజైను గీసిన గ్రాఫు చూస్తారు. కొత్త అంచు గీయించినా కదా. అంచు గ్రాఫు ఒకరి కంట పడిందా, వారానికల్లా పక్కవీధి మగ్గం మీద ఉంటాది. మా నాయన అన్నం కూడా గ్రాఫుల పెట్టె మీద కూర్చోనే తినేవాడు.”

“చీరకు అది సరే. తాళానికి కూడా అదే పద్ధతి పెట్టినావు.”

“మళ్లా మొదలుపెట్టినావా?”

“తాళానికి నా బోర్డు పెడతానని అడిగినానా, లేదా?”

“అడిగితివి. చిప్పు చేసినోళ్లే దాని లోపల గీత గీతా బయటపెట్టినారంటివి. ఎవరన్నా చూసుకోవచ్చంటివి. ఊరంతా చూసేది తాళమెట్లయితాది?”

“ఊరు చూసేది తాళం ఎట్ల చేసినారని. తెరిచే తాళంచెవి నీ దగ్గరే ఉంటాది కదా మామా. పదిమంది చూసింటే యాడ తప్పుందో ముందే చెప్పేవాళ్లు. ఇప్పుడు నేను ఆ గీతలు చూసుకోని పది నిమిషాల్లో నిన్ను బయటికి తెచ్చేదాన్ని... మామా? వింటాండావా?”

“ఊఁ.”

“ఏమయింది? మాట్లాడు!”

“కూర్చున్నా. పొద్దున మాత్ర వేసుకోలేదు. మీ అత్తకు చెప్పొద్దు.”

“అత్త ఈడనే ఉండాది. వినేసింది.”

“భద్రమ్మను ఏడవొద్దను. హేమా, నిజం చెప్పు. ఈ గాలి ఎంతసేపు ఆగుతాది?”

“తలుపు కింద సందుండాది కదా?”

“లేదమ్మీ. ఎలుకలు దూరతాయని రబ్బరు కొట్టించినా.”

“అయ్యో మామా.”

“తప్పంతా నాదే. నీ బోర్డు వద్దన్నా, సరే. నలుగురి ముందర నవ్వినా కూడా. ఆడపిల్ల చేసిన తాళమంట అని.”

“అవన్నీ ఇప్పుడెందుకు?”

“ఇంకెప్పుడు చెప్పేది? బయటపడితే అన్ని తలుపులకూ నీవే పెడతా. దేవుని గదికి కూడా.”

“దేవుని గదికి వద్దులే. విను. డబ్బీ విప్పతా. బిగుసుకుంటే బిగుసుకోనీ, గోడే పగలగొడదాం. తిప్పేష్‌కు తోడు మగ్గాల కాడి ఓబన్నను, జయరాముణ్ణి పిలిపిస్తా. నువ్వు మాత్రం కండ్లు మూయొద్దు. సరేనా?”

“సరే. విప్పు... హేమా!”

“ఏంది?”

“టక్‌మనింది! పచ్చ లైటు! తెరుచుకునింది నా తల్లే, తెరుచుకునింది!”

“రా మామా, ముందు బయటికి రా. అత్తా, ఆ చెయ్యి పట్టుకో. పడతాడు.”

“అబ్బా... గాలి. నీళ్లియ్యండి. ఏడవొద్దే భద్రమ్మా, బతికే ఉండా. మే హేమా, ఎట్ల తీసినావు? ఏ తీగె లాగినావు?”

“నేను తీయలేదు.”

“ఏంది?”

“స్క్రూడ్రైవరు ఇంకా సంచిలోనే ఉండాది మామా. ఆ డబ్బీని, అద్దాన్ని ఈడ ఎవరమూ ముట్టుకోలేదు.”

“మరి యెవరు తీసినారు?”

“అద్దం కింద అక్షరాలు పడినాయి చూడు: తెరిచినది గోవిందప్ప, కుడిచేతి బొటనవేలు.”