పన్నెండు గంటల సిమ్యులేటరు

అధ్యక్ష స్థానంలో ఉన్న డిపో మేనేజరుగారికి, నాకు స్టీరింగు పట్టడం నేర్పిన మా పెద్ద మాస్టారికి, నా పదవీ విరమణ సభకు వచ్చిన తోటి ఉద్యోగులకు, వెనక వరుసలో ఇప్పటికే గడియారం చూసుకుంటున్న డ్రైవరు మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

నేను చేరిన రోజుల్లో శిక్షణంటే నిజం బస్సు, నిజం రోడ్డు. ఒకరోజు పల్లంలో నా తోటివాడు బ్రేకనుకుని యాక్సిలరేటరు తొక్కితే, బస్సు చెట్టుకు గుద్దుకుని, పక్కన నిలబడి నేర్పుతున్న పెద్ద మాస్టారి కాలు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయనే పాత బస్సు సీటు, స్టీరింగు, పెడళ్ళు ఒక చెక్క బల్లకు బిగించి, గోడ మీద రోడ్డు సినిమా వేసి మాకు నేర్పారు. విమానాలు నడిపేవాళ్ళు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే నేల మీద కూర్చుని ఇలా నేర్చుకున్నారట. తర్వాత తెరలతో, కుదుపులతో, పొగమంచుతో సిమ్యులేటరు వచ్చింది గాని దాని పని మారలేదు: ఎవరికీ దెబ్బ తగలకుండా తప్పులన్నీ ఆ గదిలోనే చేయించడం.

ఇక చెప్పబోయేది మా అమ్మాయికి ఇష్టం లేదు. అయినా చెబుతాను. మా అల్లుడు ఇక్కడే నా దగ్గర శిక్షణకొచ్చి, సిమ్యులేటరులో పల్లంలో బ్రేకులు పోయే పాఠం ఆరుసార్లు తప్పాడు. డ్రైవర్లు చాలక, "సంతకం పెట్టెయ్యండి మాస్టారూ, మీవాడేగా" అన్నారు మేనేజరుగారు. అధ్యక్షులవారు క్షమించాలి, ఆ "మీవాడేగా" దగ్గరే నా చెయ్యి ఆగిపోయింది.

"నా మీదేమైనా కోపమా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"లేదు బాబూ, మళ్ళీ ఎక్కు" అన్నాను.

అమ్మాయి నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. పన్నెండో గంటకు గాని అతను పాసవలేదు. అప్పటినుంచి అందరికీ పన్నెండు గంటలు పెట్టాను.

పోయినేడాది కొండ దిగుతుండగా, నలభైమందితో ఉన్న అతని బస్సుకు బ్రేకులు పోయాయి. కబురు తెలిసి, అతనెలా ఉన్నాడో మాత్రం తెలియక, నేనూ అమ్మాయీ రెండు గంటలు ఫోను ముందు కూర్చున్నాం. ఏదైనా నేర్పడం మరిచానా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. (ఆగి, మంచినీళ్ళు తాగి) గేర్లు ఒక్కొక్కటే దించుతూ, బస్సును కొండవైపు గోడకు రాసుకుంటూ ఆపాడు. ఒక పెద్దాయన చెయ్యి విరిగింది, అంతే. ఇంటికొచ్చి, "బుర్ర పనిచెయ్యలేదు మామయ్యా, చేతులే చేసుకుపోయాయి" అన్నాడు.

వచ్చే నెలనుంచి ఆ పన్నెండు గంటల్నీ నాలుగు చేస్తున్నారని విన్నాను. అయ్యా, నాలుగో గంటకి మా అల్లుడు ఇంకా లోయలో పడుతూనే ఉన్నాడు.

(అధ్యక్షులు: "చూద్దాం మాస్టారూ, ముందు మీరు కూర్చోండి.")

నిలబడే వింటానండి.

(అధ్యక్షులు: "సరే. పన్నెండూ ఉంటాయి.")

అందరూ విన్నారు కదా. నా మొండితనాన్ని ఇన్నేళ్ళు భరించినందుకు మీకూ, నెల్లాళ్ళకే క్షమించినందుకు మా అమ్మాయికీ కృతజ్ఞతలు. ఇక కూర్చుంటాను. సెలవు.