లేత్ మిషన్‌కు నల్లా పైపు

1974. చందానగర్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డు. నెల తర్వాత దవాఖాన నుంచి వచ్చిన భర్త, ఇనుము చెక్కే తన లేత్ మిషన్ ముందు ఆగిపోయాడు. వెనకే భార్య.

“ఏందే ఇది? మిషన్‌కు నల్లా పైపు బిగించినవ్! తిప్పితే నీళ్లొస్తయా?”

“తిప్పి సూడు. నీ వేళ్లు ఇగ ముడుసుకోవని డాక్టర్ చెప్పిండు గదా. చక్రానికున్న పాత పిడి నువ్వు పట్టలేవు. దీన్ని అరచేత్తో నూకితే చాలు.”

“నీకెవరు నేర్పిండ్రు?”

“పదేండ్ల సంది ఈడికి చాయ్ తెస్తున్న. కండ్లు మూసుకొని తెచ్చిననుకున్నవా?”

అతను అరచేత్తో నెట్టాడు. చక్రం తిరిగింది.

“తిరుగుతున్నది గని, రేపు మిషన్ కొననీకి వచ్చేటాయన సూసి నవ్వుతడు.”

“ఆయన నిన్ననే వచ్చిండు. మా ఇంటాయనకు చేతినిండ పనున్నది, మిషన్ అమ్మడని చెప్పి పంపిన.”